బడి మూసిననాడు బిడ్డ యెవరిది?

పాఠశాల యనగానే మనకు పలకయు, పుస్తకమును, నల్లబల్లయు జ్ఞప్తికి వచ్చును. చదువు చెప్పుటయే దాని పని యని మన యందరి తలంపు. కాని యే పాఠ్యప్రణాళికయందును వ్రాయబడని రెండవ పని యొకటి బడి చేయుచున్నది. తల్లి పొలమునకో, మిల్లునకో, ఆసుపత్రికో, కచేరికో పోయినప్పుడు ఉదయము మొదలు సాయంకాలము వరకు బిడ్డను కనిపెట్టి యుండుటయే యా పని. దానికి జీతము లేదు, పరీక్ష లేదు, తనిఖీ లేదు. తుదకు సరియైన పేరైనను లేదు. ఈ వ్యాసమున దానిని మేము కావలి యని పిలుతుము. పొలమునకు కావలి యున్నది, తోటకు కావలి యున్నది. బిడ్డకు కావలి యెవరను ప్రశ్న మాత్రము బడి తెరచి యున్నంతకాలము ఎవరికిని తోచలేదు. బడి మూసిన తరువాత ప్రతి యింటికిని తోచినది.

ఉత్తరాంధ్రమున రాజాము చిన్న పట్టణము. 1757లో జరిగిన బొబ్బిలి యుద్ధకథను విన్నవారికి ఇది తాండ్ర పాపారాయని యూరుగా తెలియును. 2022 ఏప్రిల్ వరకు శ్రీకాకుళము జిల్లాలో నుండి, అటుపై విజయనగరము జిల్లాలో చేరినది. చుట్టుపట్ల పల్లెలకు ఇదియే సంత, ఇదియే ఆసుపత్రి, ఇదియే చదువులకు నెలవు. గోగునార వర్తకము, జనుపనార మిల్లులు, 1997లో వెలసిన ఇంజనీరింగు కళాశాల, బట్టల యంగళ్లు, బంగారపు కొట్లు దీని బ్రతుకుదెరువు. ఇట్టి యూరిలో కూలికి పోవు తల్లియు కలదు, కళాశాలలో పాఠము చెప్పు తల్లియు కలదు. ఇరువురి బిడ్డలును పగలంతయు బడిలోనే యుండెడివారు. 2020 మార్చి మూడవ వారమున మన రాష్ట్రములోని బడులు మూతపడినవి. ఆ నెల 25వ తేదీనుండి దేశమంతయు దిగ్బంధమయ్యెను. కొన్నాళ్లు తల్లులును బిడ్డలును ఇంటనే యుండిరి గనుక చిక్కు బయటపడలేదు. వేసవి గడచి మిల్లులు తిరిగెను, అంగళ్లు తెరువబడెను, వరినాట్లు వచ్చెను. బడి మాత్రము తెరువబడలేదు. అప్పుడు తెలిసినది అసలు కష్టము.

ప్రభుత్వము ఊరకుండెనని యనరాదు. సప్తగిరి దూరదర్శనమున విద్యామృతము, విద్యావారధి యను పేరులతో పాఠములు ప్రసారమయ్యెను. మధ్యాహ్న భోజనమునకు బదులుగా బియ్యము, కోడిగ్రుడ్లు, వేరుసెనగ చిక్కీలు ఇండ్లకు పంపబడెను. ఈ రెండును మంచి పనులే. అయితే బడి బిడ్డకిచ్చుచుండినవి మూడు: పాఠము, బువ్వ, కావలి. పాఠము తెరమీదుగా ఇంటికి వచ్చెను. బువ్వ సంచిలో ఇంటికి వచ్చెను. కావలి మాత్రము రాలేదు. అది పంపదగిన వస్తువు గాదు. మనిషి ప్రక్కన మనిషి యుండుటయే దాని స్వరూపము. చరిత్రను కొంచెము వెనుకకు త్రిప్పి చూచినచో, మన చట్టములును మన సంస్కర్తలును కూడ ఈ మూడవదానిని ఏనాడును లెక్కలోనికి తీసికొనలేదని తెలియగలదు.

ఇంటికడ చదువు మనకు క్రొత్త గాదు. చెన్నపట్టణపు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాకలెక్టరులచేత దేశీయ పాఠశాలల లెక్క తీయించి, 1826లో ఆ వివరములను ప్రకటించెను. రాజధాని మొత్తమున 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలిరి. నాటి విశాఖపట్టణము జిల్లాలో 914 బడులు, 9,715 మంది పిల్లలు. అనగా ఒక్కొక్క బడికి సగటున పదిమంది. ఆ లెక్కలలో మిక్కిలి ఆసక్తికరమైన సంఖ్య మరియొకటి గలదు. చెన్నపట్టణమున బడికి పోక ఇండ్లలోనే చదువుకొను పిల్లలు 26,903 మంది యని కలెక్టరు తెలిపెను. ఇది బడిపిల్లలకు అయిదు రెట్లు. మన్రో దొరకే యీ సంఖ్య నమ్మదగినదిగా తోచలేదు. సంఖ్య యెంతయైనను, ఇంటికడ చదువు ఎవరికి సాధ్యమయ్యెనో ఊహించుట కష్టము గాదు. ఇంట చదువు వచ్చిన పెద్దయుండి, ఆ పెద్దకు తీరికయు ఉన్న యిండ్లకే యది చెల్లెను. తండ్రి నాగలి పట్టి, తల్లి కలుపు తీయుచున్న యిండ్లకు అది నాడును చెల్లలేదు, 2020లోను చెల్లలేదు. రెండు శతాబ్దముల నడుమ మారినది పరికరము మాత్రమే.

వీధిబడిని మనము కోదండముతోడను, బెత్తముతోడను మాత్రమే జ్ఞాపకముంచుకొంటిమి. ఆ క్రౌర్యము నిజమే. అది పోయినందుకు సంతసింపవలసినదే. కాని యా బడి యరుగుమీద జరిగెడిది. తెల్లవారగనే పిల్లలు చేరెడివారు. ఇసుకలో అక్షరములు దిద్దెడివారు. చద్దికి ఇంటికి పోయి మరల వచ్చెడివారు. సాయంకాలము ఎక్కములు వల్లించి యిల్లు చేరెడివారు. పంతులు వీధిలోనివాడే. అతనికి గింజలు కొలిచి యిచ్చిన గృహస్థు చదువునకు మాత్రమే కాదు, పగలంతయు పిల్లవాడు కంటియెదుట నుండుటకు కూడ కొలిచియిచ్చెను. పదిమంది పిల్లలు, ఒక పెద్ద, నడచిపోదగినంత దూరమున ఒక యరుగు: కావలికి ఇంతకన్న కావలసినది లేదు. ఆ యరుగుమీద ఆడుబిడ్డలకును, కడజాతులని త్రోసివేయబడిన బిడ్డలకును దాదాపుగా చోటు లేకుండుటయే దాని మహాపాపము.

ఇక కార్ఖానాల కథ చూతము. రాజాము వంటి జనుపనార యూరికి ఇది మిక్కిలి దగ్గరి కథ. మన దేశమున మొదటి కార్ఖానాచట్టము 1881లో వచ్చెను. ఏడేండ్లు నిండని బిడ్డను పనిలో పెట్టగూడదని మాత్రమే యది శాసించెను. ఏడేండ్లు నిండినచో యంత్రము ప్రక్కన నిలువవచ్చును! 1891లో ఆ వయస్సు తొమ్మిది యయ్యెను, 1922లో పన్నెండు, 1948లో పదునాలుగు. బిడ్డను యంత్రమునుండి తప్పించుట గొప్ప సంస్కారమే. అయితే తప్పించిన బిడ్డ పగలెక్కడ నుండవలయునో చెప్పవలసిన బాధ్యతయు చట్టముపై పడెను. దానికి సగము సమాధానము మాత్రమే దొరికినది. 1934 నాటి చట్టము, ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు చోట్ల వారి బిడ్డలకొక గది యేర్పాటు చేయించుటకు వీలు కల్పించెను. 1948 నాటి చట్టము దానిని యజమానుల విధిగా చేసెను. 1976లో ఆ ఏబది ముప్పదిగా తగ్గెను. కాని ఆ గదిలోనికి ఆరేండ్లు నిండని బిడ్డకే ప్రవేశము. 1934 మాటయే తీసికొన్నచో, ఆరేండ్లకు లోపలి బిడ్డకు గది కలదు. పన్నెండేండ్లు దాటినవానికి పని కలదు. నడుమ నున్న ఆరేండ్ల బాల్యమునకు చట్టములో చోటు లేదు. ఆ చోటు బడి నింపునని యందరును అనుకొనిరి. అనుకొనిరేకాని, ఎక్కడను వ్రాయలేదు.

ఈ ఆరేండ్ల గీటు అటుతరువాత ప్రతి మంచి పనిలోను కానవచ్చుచున్నది. 1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాంతములలో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమునుండి మన అంగన్‌వాడీలు పుట్టినవి. అవి ఆరేండ్ల లోపు బిడ్డలకు. 2005 నాటి గ్రామీణోపాధి హామీ చట్టము, పనిచోటికి స్త్రీలవెంట అయిదుగురో అంతకు మించియో బిడ్డలు వచ్చినచో వారిని చూచుటకు ఒక స్త్రీని నియమింపవలెనని విధించెను. ఆ బిడ్డలును ఆరేండ్ల లోపువారే. 2002లో రాజ్యాంగమునకు జరిగిన 86వ సవరణ మరింత స్పష్టముగా నున్నది. ఆరేండ్లు నిండువరకు బిడ్డకు సంరక్షణయు విద్యయు అను రెండు మాటలను వాడినది. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు విద్య యను ఒక్క మాటతో సరిపెట్టినది. ఆరవ పుట్టినరోజునాడు బిడ్డకు సంరక్షణ యక్కర తీరిపోవునా? తీరదు. బడి యున్నది గదా, అదియే చూచుకొనునని శాసనకర్తల భావము. విచిత్రమేమనగా, దేశమున బడులన్నియు మూతపడియున్న 2020 సెప్టెంబరులోనే పార్లమెంటు వృత్తిభద్రతను గూర్చి క్రొత్త స్మృతిని ఆమోదించెను. అందును శిశుగృహము ఆరేండ్ల లోపు బిడ్డలకే. ఏడేండ్ల పిల్లవాడు దేశమంతట ఇంట నొంటిగా కూర్చుండియున్న యేడుననే ఆ గీటు మరల గీయబడినది!

బాలకార్మిక నిషేధమునకును ఇట్టి చిక్కే కలదు. 1986 నాటి చట్టమునకు 2016లో జరిగిన సవరణ పదునాలుగేండ్ల లోపు బిడ్డను ఏ పనియందును పెట్టరాదనెను. అయితే బడి వేళలకు తరువాతను, సెలవులలోను, ప్రమాదము లేని కుటుంబవృత్తిలో తల్లిదండ్రులకు సాయపడవచ్చునని విడిచెను. బడి యున్నప్పుడు ఇది యుచితమైన మినహాయింపే. బడియే లేనప్పుడు? దినమంతయు బడి వేళకు తరువాతనే యగును. ఏడాదంతయు సెలవే యగును. పిల్లవానిని ఒంటరిగా విడువలేక తండ్రి తనవెంట కొట్టునకో కల్లమునకో తీసికొనిపోవును. తీసికొనిపోయినవాడు ఊరక కూర్చుండడు. ఈ విధమున కావలి లేకపోవుట పనికి దారితీసినది.

మరి రాజాము చుట్టుపట్ల ఈ కావలిభారము నెవరు మోసిరి? మొదట అమ్మమ్మలును నాయనమ్మలును. ఈ ప్రాంతమునకిది పాత పరిపాటి. గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి వేలకొలది కూలీలు ఓడలెక్కి రంగమునకు పోయిన కాలమున బిడ్డలను పెంచినవారు ముసలివారే. హైదరాబాదునకును, చెన్నపట్టణమునకును కట్టడపు పనులకు పోవు నేటి దంపతులును పిల్లలను వారికడనే విడుచుచున్నారు. కాని 2020లో ఈ యేర్పాటునకు ఒక భయంకరమైన మెలిక పడినది. ఆ వ్యాధి పసివారిని తేలికగా విడిచి, వృద్ధులను పట్టి చంపునది. పిల్లలను ముసలివారికి దూరముగా నుంచుడని వైద్యులు చెప్పిరి. పిల్లలను ముసలివారికి తప్ప మరియొకరికి అప్పగింప లేని తల్లి యేమి చేయవలెను? కూలి మానుకొనుటయో, తల్లిప్రాణమును పణముగా నొడ్డుటయో రెండే దారులు. ఈ రెంటి నడుమ నలిగిన యిండ్లెన్నో పాఠకులే యెరుగుదురు.

రెండవ కావలి అప్ప. ఈ సీమలో అక్కను అప్ప యందురు. పదునొకండు, పండ్రెండేండ్ల బాలికకు తమ్ముని అప్పగించి తల్లి పనికి పోవును. ఆ బాలికకును ఆ వేళకే పాఠము వచ్చును; ఇంటనున్న చేతిఫోను ఒక్కటే యైనచో అది తమ్మునికి పోవును, పొయ్యి అప్పకు పోవును. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించిన నాటినుండి స్త్రీవిద్యాభిమానులను ఎదిరించిన శత్రువులలో మూఢాచార మొక్కటియే లేదు. చంకలోని చంటిబిడ్డయు ఒకటి. ఆడుపిల్ల బడికి పోయినచో ఇంట పసివానిని ఎవరెత్తుకొందురని తల్లు లడిగెడివారు. ఆ ప్రశ్నకు ఉపన్యాసములు సమాధానము గావు. నూటనలువది యేండ్లకు పైగా శ్రమించి బాలిక చంకనుండి దింపిన భారమును, బడి మూసిన కొలదినెలలలో మరల ఆమె చంకకే యెత్తితిమి. ఇందులో తల్లి దోష మేమియు లేదు. ఆమెకు మరియొక చేయి దొరకలేదు.

మూడవ కావలి ఫోను. 2018లో దేశమందలి గ్రామసీమల బడిపిల్లల యిండ్లలో నూటికి 36.5 యిండ్లకు స్మార్టుఫోను కలదని అసర్ సర్వే తేల్చెను. 2020 నాటికి అది 61.8 అయ్యెను. అప్పుచేసియైనను కొన్న ఫోనులు వీనిలో నెన్నో. కాని ఫోను ఇంట నుండుటకును, బిడ్డ చేత నుండుటకును భేదము కలదు. ఫోనున్న యిండ్లలోను నూటికి 26 మంది పిల్లలకు అది యందుటలేదని 2021 నాటి సర్వే తెలిపెను. తండ్రి పనికి పోవునప్పుడు ఫోనును వెంట పోవును; బిడ్డ యొంటిగా మిగులును. సీతంపేట వంటి మన్యపు కొండలలో ఆశ్రమపాఠశాలలనుండి ఇంటికి పంపబడిన పిల్లలకు ఫోనున్నను పలుకదు. ఉద్యోగినులకును సుఖము లేదు. ఇంటనుండి కళాశాల విద్యార్థులకు పాఠము చెప్పు తల్లి, తలుపునకవతల తన బిడ్డ యేడ్చుచుండగా గొంతు మార్చక చెప్పవలసి వచ్చెను. పరుల బిడ్డలకు చదువు చెప్పుటకై తన బిడ్డను తెరకప్పగించెను. తెర బిడ్డను కదలకుండ కూర్చుండబెట్టగలదు. కాని బిడ్డ గెడ్డవైపు పోయినచో కేకవేయలేదు, ఆకలిగొన్నచో కనిపెట్టలేదు, జ్వరము వచ్చినచో నుదురు తాకలేదు.

ఇతర దేశములవారు ఈ విషయమున నేమి తలచిరో చూచుట యుపయోగకరము. 1918 నాటి మహమ్మారిలో అమెరికాలోని నగరములు పెక్కు తమ బడులను మూసెను. న్యూయార్కు, చికాగో మాత్రము మూయలేదు. ఇరుకైన కొట్టిడీలలో పిల్లలను వదలుటకన్న, ఉపాధ్యాయుల కన్నులయెదుట, దాదుల పరీక్షలో నుంచుట మేలని న్యూయార్కు ఆరోగ్యాధికారులు వాదించిరి. ఆ నిర్ణయము ఎల్లకాలములకు, ఎల్ల వ్యాధులకు తగునని మేము చెప్పము. బడి కావలియిల్లు కూడ నను సత్యమును వారు లెక్కలోనికి తీసికొనిరని మాత్రమే చెప్పుచున్నాము. 1937లో పోలియో భయముచే చికాగో బడులు మూయబడగా, మూడులక్షలకు పైబడిన పిల్లలకు రేడియోలో పాఠములు చెప్పబడెను. దూరవిద్య యను మాట వ్యాప్తికి రాకముందే ఆ పని జరిగినది. 2020 మార్చిలో ఇంగ్లండు బడులను మూసినను, వైద్యులు, దాదులు, ఆహారము చేరవేయువారు మున్నగువారి బిడ్డలకు తెరచియుంచెను. డెన్మార్కు ఏప్రిల్ 15వ తేదీన బడులను తెరచుచు మొదట చిన్న తరగతులవారినే పిలిచెను. చిన్నబిడ్డ యింట నున్నంతవరకు తల్లిదండ్రులు పనికి పోజాలరని వారి తలంపు.

మనము చేసినది దీనికి తలక్రిందు. మన రాష్ట్రమున 2020 నవంబరు 2వ తేదీన తొమ్మిది, పది తరగతులవారు మొదట బడికి వచ్చిరి. ఒకటి మొదలు అయిదు తరగతుల పసివారు 2021 ఫిబ్రవరి 1వ తేదీన గాని రాలేదు. ఏప్రిల్‌లో మరల మూతపడిన బడులు ఆగస్టు 16వ తేదీన తెరువబడెను. పెద్దవారికి పరీక్షలున్నవి గనుక వారు ముందు. పరీక్ష యొక్కటే కొలబద్ద యైనచో ఆ వరుస సరియైనదే. కావలిని కూడ కొలబద్దగా తీసికొన్నచో పదునైదేండ్లవాడు ఇంట నొంటిగా నుండగలడు, ఆరేండ్లవాడు ఉండలేడు. ఆ మాట చెప్పుటకు కావలియను పద్దు మన లెక్కల పుస్తకమున లేకపోయినది.

బిడ్డను చూచుకొనుట తల్లిదండ్రుల ధర్మము గాని సర్కారుధర్మ మెట్లగునని కొందరనవచ్చును. ధర్మము వారిదే, కాదన్నవా రెవరు? కాని ఆ ధర్మమును నెరవేర్చు పూర్వపు సాధనములను, అనగా ఉమ్మడి కుటుంబమును, వీధియరుగును, ఇంటిచెంతనే యుండు పనిని, కాలము తీసికొనిపోయినది. తల్లులను పనికి పిలిచినది సంఘమే, బిడ్డలను నిర్బంధముగా బడికి పిలిచినదియు సంఘమే. పిలిచినవాడే తలుపు మూసినప్పుడు, వాకిట నిలిచిన బిడ్డ మాట అడుగవలసినవాడును వాడే. ఉమ్మడి కుటుంబమును పొగడువారు, ఆ కుటుంబమున కావలి కాచినది చదువుకు నోచని కోడండ్రును, తలగొరిగిన వితంతువులును అని మరువరాదు. వారి బ్రతుకులను అరగదీసి నడపిన యేర్పాటును మరల కోరుట సంస్కారము గాదు.

బడులు మరల మూతపడవని యెవరు చెప్పగలరు? మహమ్మారి మాట యట్లుండనిండు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులు ఈ తీరమును చీల్చినవి. గాలివానలు వచ్చినప్పుడెల్ల బడులు మూతపడుచునే యున్నవి. కనుక ముందుగా చేయదగిన పనులు కొన్ని గలవు. ఆరేండ్ల గీటును చట్టములనుండి తుడిచి, శిశుగృహమును పదునాలుగేండ్ల వరకు, బడి లేని వేళలకైనను, తెరచియుంచుట మొదటిది. బడులు మూయునప్పుడు దాదులు, పారిశుద్ధ్యపు పనివారు, ఆశా కార్యకర్తలు మున్నగువారి బిడ్డలకు ఒక గదియైనను తెరచియుంచుట రెండవది. తెరచునప్పుడు పసివారిని ముందు పిలుచుట మూడవది. నాలుగవది సర్కారుకొరకు వేచియుండనక్కరలేనిది. ప్రతి వీధిలోను పదిమంది బిడ్డలకు ఒక సావిడియు, వంతులవారీగా కూర్చుండు ఇద్దరు పెద్దలును, వారికింత జీతమును ఏర్పరచుకొనుట. జీతమను మాటను విడువరాదు. ఉచితముగా జరుగు కావలి తుదకు అప్ప చంకకే చేరునని మన చరిత్ర చెప్పుచున్నది. విశాఖపట్టణము జిల్లాలో రెండువందల యేండ్ల క్రిందటనే బడికి పదిమంది యను లెక్క నడచినది. అప్పు డరుగు ఎక్కనీయని బిడ్డలను ఇప్పుడు ముందు కూర్చుండబెట్టి, బెత్తమును తీసివేసినచో, ఆ లెక్క నేటికిని పనికివచ్చును.

మా వృత్తివారికొక మాట. పాఠము చెప్పుట గొప్ప పనియనియు, పిల్లలను కనిపెట్టియుండుట తక్కువ పనియనియు మాలో పెక్కురకు అభిప్రాయము. తెర పాఠము చెప్పగలదని 2020 చూపినది. కావలి కాయజాలదని కూడ చూపినది. ఇట్లున్నప్పుడు మాలో మరియొకరితో తీరని పని యేదో, యంత్రముతో తీరు పని యేదో మేమే తేల్చుకొనవలసి యున్నది. బడిగంట మ్రోగినప్పుడు తరగతిలో హాజరు పిలుచుచున్నాము. ఆ పిలుపునకు నేనున్నానని బిడ్డ పలుకుట యొక సగము. నీవున్నావని పెద్ద చూచుట రెండవ సగము. ఈ రెండవ సగమునకు ఇకనైనను ఒక పేరును, ఒక పద్దును, ఒక జీతమును కల్పింపవలయును.